ఉండొచ్చు

రాత్రి రెండింటికి గాడేరు మలుపులో ఒక చుక్క.
ఆరింటికి తిల్లచెట్ల అవతల ఇంకో చుక్క.
మధ్యలో నాలుగు గంటల చీకటి.
ఏడో నంబరు బావురుపిల్లి మెడపట్టీ
నాకు ఇచ్చేది ఇంతే.
మిగతాది ఊహించుకోవాలి.
ఊహకే జీతం నాకు.

స్కేలు పెట్టి గీత గీసేయొచ్చు.
ఏ పిల్లి నడిచింది స్కేలు వెంట?
అందుకని గీతకి బదులు మరక వేస్తాను తెరమీద,
కొసల్లో సన్నం, నడుమ లావు,
గుంజకీ గుంజకీ కట్టిన వల
పాటునీళ్లకి పొట్ట పెట్టినట్టు.
రంగు ముదిరిన చోట ఉండే అవకాశం ఎక్కువ,
లేతబడ్డ చోట తక్కువ,
రంగే కనిపించని చోట కూడా
సున్నా అని రాయనివ్వదు లెక్క.

పడవ నడిపే కామాడి గంగాద్రి
తెరలోకి తొంగిచూసి
"పిల్లికి మసంటిందేటండి?" అన్నాడు.
కాదు, ఎక్కడుండొచ్చో అది, అన్నాను.
"తిథి చూశారా?"
చూడలేదు.
"సప్తమండి నిన్న. మూడింటికి గానీ పాటు తియ్యదు.
నీళ్లు దిగాలి, బురద తేలాలి,
గుంటల్లో కొయ్యింగలు చిక్కాలి.
అందాకా అది గట్టుమీదే ఒళ్లు నాక్కుంటా ఉంటాది.
ఊరికే తిరగడానికి దానికేమన్నా
మీలాగ జీపుందాండి?"

ఆ రాత్రే లెక్కలోకి ఆటుపోట్లు ఎక్కించాను.
మునిగిన బురద మీంచి రంగంతా జారిపోయి
కాలవ అంచున సన్నగా పేరుకుంది.
మర్నాడు ఒడ్డున కెమెరా విప్పి చూస్తే
మూడూ నలభైకి
తడి మీసాలు, నోట్లో కొయ్యింగ,
మా వైపు ఒక్క చూపు, అదీ విసుగ్గా.
గంగాద్రి గెలిచిన మొహం పెట్టలేదు.
చుట్ట వెలిగించుకున్నాడు.
నివేదికలో 'నీటిమట్టం' అని రాశాను.
తిథి అడిగిన మనిషి పేరు రాయడానికి
అందులో గడి లేదు.

పుష్యమాసంలో మెడపట్టీ మూగబోయింది.
చివరి చుక్క చుట్టూ మరక
మొదటిరోజు రొయ్యల చెరువంత.
మూడోరోజుకి చొల్లంగి దాకా పాకింది.
పదో రోజుకి భైరవపాలెం దాటి
ఇసకతిన్నెల మీద, ఉప్పుమళ్ల మీద,
పిల్లి కాలు పెట్టని కొబ్బరితోటల మీద
నీళ్లపాలంత పల్చగా.
అన్నిచోట్లా కొంచెం కొంచెం ఉండటం
ఏం ఉండటం అది?

కూలిడబ్బులిద్దామని సాయంత్రం గంగాద్రి ఇంటికెళ్లాను.
ఆదెమ్మ గుమ్మంలోంచి రేవు మెట్లకేసి చూసింది.
"బల్లకట్టు దాటుంటాడు.
లాకుల దగ్గర చుట్ట కోసం ఆగుంటాడు.
ఇదిగో, ఇప్పుడు వంతెన కిందికొచ్చుంటాడు."
ఉన్నాడు అనలేదు. లేడనీ అనలేదు.
ఆ రెండింటి మధ్య ఒక మాటుందని
ఇన్నాళ్లూ మాట్లాడుతూ కూడా
నేను పట్టించుకోలేదు.
వానొస్తేనో?
"పీతల షెడ్డు చూరు కింద ఉంటాడు."
ఎప్పుడూ తప్పలేదా?
"తొంభయ్యారు తుపానప్పుడు తప్పిందండి.
మూడు రాత్రులు ఆయన వాటా కూడా వండాను.
పొద్దున్నే చల్దన్నం చేసుకుని మేమే తినేవాళ్లం.
నాలుగోరోజు వచ్చాడు,
నేను చూస్తన్న వైపు నించి కాదు."

ఎసరు పెట్టింది.
"మీ పిల్లి ఏం తింటాదండి?"
చేపలు.
"అయితే ఎక్కడికి పోతాది."
మెట్లకేసి నేనూ చూశాను.
మూడో మెట్టు తడిగా ఉంది,
నీళ్లు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో
నాకు తెలియలేదు.
ఆమె మూడు గిద్దలు కొలిచి,
నా మొహం చూసి ఇంకో గిద్దెడు కలిపి,
కడిగి ఎసట్లో పోసింది.
పడవ చప్పుడు ఇంకా లేదు.